ట్రిప్ షీటు వెనకవైపు

ఫిబ్రవరి 3

బాబాయికి,

ఉద్యోగం మానేసి నేటికి ముప్పై నాలుగు రోజులు. నాన్నకి నువ్వే నచ్చజెప్పావని అమ్మ అంది. ఏం చెప్పావో మాత్రం తనకీ తెలియదట.

గది బాగానే ఉంది. కింద లాండ్రీ. పొద్దున ఎనిమిదికి ఇస్త్రీ యంత్రాలు మొదలవుతాయి, పైన నా నేల కొంచెం వెచ్చబడుతుంది. బల్ల మీద ఆరు ఫోన్లు పెట్టుకున్నాను. రెండు కొత్తవి, నాలుగు పాతవి. ఒకదాని అద్దం పగిలింది, కావాలనే బాగు చేయించలేదు. జనం చేతుల్లో ఉండేవి అలాంటివే. వాటిలో నడిస్తేనే యాప్ నడిచినట్టు.

యాప్ పేరు "చేరాను". తెర మీద ఒకే బటన్. ఎక్కడికైనా చేరాక నొక్కితే, ముందే పెట్టుకున్న ఒక్క నంబరుకి "చేరాను" అని కబురు వెళ్తుంది. అంతే. యాప్ స్టోర్ వాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి, బటన్ సరే, మిగతా యాప్ ఏదని అడిగారు. ఇంతేనని జవాబు రాశాను. రెండోసారి, ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ చూసే అనుమతి నీకెందుకన్నారు. నిజమే, అక్కర్లేదు. తీసేశాను. మూడోసారి ఒప్పుకున్నారు.

ఎవరు నొక్కారో, ఎక్కడ నొక్కారో, ఎవరికి పంపారో నా దగ్గర ఏదీ పడదు. ఎన్ని ఫోన్లలో ఉంది, ఏ సమయానికి నొక్కారు, ఈ రెండే తెలుస్తాయి. మనిషి ఎక్కడున్నాడో ఆరా తీసే యాప్‌లు బోలెడున్నాయి. ఇది ఆరా తీయదు. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు.

మా పాత ఆఫీసులో నా పైన ఉండే లీడ్ మంచి మనిషి. నా కుర్చీ జూలై ఆఖరుదాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. నేనూ ఒక గీత గీసుకున్నాను. అప్పటికి రోజూ వాడే ఫోన్లు వంద ఉండాలి. చుట్టాలు, స్నేహితులు లెక్కలోకి రారు, నాకు తెలియనివాళ్లే అయి ఉండాలి. వందతో పొట్ట గడవదని తెలుసు. కానీ ముక్కూ మొహం తెలియని వందమందికి పనికొచ్చిందంటే ఇంకా చాలామందికి పనికొస్తుంది. వంద ఉంటే ఇదే నా పని. లేకపోతే వెనక్కి వెళ్తాను. ఈరోజుకి పదకొండు.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ తూనీగ


ఫిబ్రవరి 12

తూనీగా,

కాగితం చూసి నవ్వుకోకు. డిపోలో రద్దయిన ట్రిప్ షీట్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒకవైపు అచ్చు, రెండోవైపు తెలుపు. పారేయడానికి చేయి రాలేదు. ఇకమీద నీకు వీటి మీదే రాస్తాను. ఫోన్‌లో మాట్లాడొచ్చుగా అంటావేమో. ఫోన్ ఇప్పుడు నీకు దుకాణం. దుకాణంలో కూర్చున్న మనిషి దగ్గరికి ఇంటివాళ్లు కబుర్లకి పోకూడదు.

మీ నాన్నకి నేను చెప్పింది ఒకటే ముక్క. ఇరవై రెండేళ్లుగా బస్సు డిపోలో టైమ్ కీపర్‌గా చేస్తున్నాను. కొత్త రూటు మీద బస్సు వేస్తే ఆరు నెలలదాకా దాని మంచిచెడ్డలు మాట్లాడం. మా అన్నయ్య సరే అనలేదు, కాదనలేదు. ఆయన కాదనకపోతే సరే అన్నట్టే కదా.

నీ యాప్ నా ఫోన్‌లో వేయించాను. నంబరు మీ పిన్నిది పెట్టాను. మొదటిరోజు ఇంటికి చేరి, గుమ్మంలో నిలబడి నొక్కాను. మీ పిన్ని తలుపు తీసింది. లోపల ఆమె ఫోన్ మోగింది. ఆమె నన్ను వదిలేసి ఫోన్ చూడ్డానికి లోపలికెళ్లింది. తిరిగొచ్చి, "చేరారట" అంది.

ఒక సంగతి అడుగుతాను. నువ్వు ఎవరికి నొక్కుతున్నావు? అంత పొడుగు ఉత్తరంలో ఆ మాట లేదు.

బాబాయి

(పిన్ని రాస్తోంది. మనిషి ముందు, కబురు వెనక. బండికి ఎడ్లు వెనక కట్టిన సంబరం. కానీ బటన్ రంగు బాగుంది. వేళకి తిను.)


మార్చి 5

బాబాయికి,

నేను రోజుకి వందసార్లు నొక్కుతాను. ఈ ఫోన్ నుంచి ఆ ఫోన్‌కి, ఆ ఫోన్ నుంచి ఈ ఫోన్‌కి. అది పరీక్ష, లెక్కలోకి రాదు. ఎవరికీ కాదు.

ఈ నెల ఏమంత బాగాలేదు. పాత ఫోన్లు చార్జింగ్ మిగుల్చుకోవడానికి వెనక నడిచే యాప్‌లని వాటంతట అవే ఆపేస్తాయి. మళ్లీ తెరిచినప్పుడు ఆగిన కబురు రెండోసారి పోతోంది. ఒకాయన స్టోర్‌లో ఒక్క చుక్క ఇచ్చి ఇలా రాశాడు: "నేను చేరానని మా ఆవిడకి రెండుసార్లు వెళ్లింది. మధ్యలో ఎక్కడికి వెళ్లావని అడుగుతోంది." నవ్వాను, తరవాత తొమ్మిది రోజులు దాని మీదే కూర్చున్నాను. దొరికింది. ఆయనకి క్షమాపణ చెబుతూ జవాబు రాశాను. చుక్క మాత్రం ఒక్కటే ఉంది.

ఆఫీసులో ఉన్నప్పుడు ఇలాంటివి చూడ్డానికి ఒకరు, జవాబు రాయడానికి ఒకరు, బొమ్మ గీయడానికి ఒకరు, అది బాగాలేదనడానికి నలుగురు ఉండేవారు. ఇక్కడ అన్నీ నేనే. ఆ నలుగురు కూడా నేనే.

పద్నాలుగు ఫోన్లు. నెలకి మూడు పెరిగాయి. ఈ లెక్కన వంద ఎప్పటికవుతుందో భాగహారం చేసి చూశాను. చేయకుండా ఉండాల్సింది. లీడ్ నిన్న ఫోన్ చేసి, కుర్చీ మీద దుమ్ము దులుపుతున్నానన్నాడు.

నీ తూనీగ


మార్చి 16

తూనీగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లు వచ్చినందుకు కాదులే.

ఒక పాత సంగతి చెబుతాను. మా ఏడో నంబరు రూటులో ఒక స్టాపు ఉండేది. ఎప్పుడు చూసినా అక్కడ నలభై మందికి తగ్గకుండా జనం. పై ఆఫీసు వాళ్లు కారులోంచే తలలు లెక్కపెట్టుకుని అదనంగా ఒక బస్సు వేయించారు. మూడు నెలలు ఆ బస్సు ఖాళీగా తిరిగింది. చివరికి నేను దిగి ఒకామెని అడిగాను, ఎందుకమ్మా బస్సెక్కరని. "బస్సుకెవరున్నారు? ఎదురుగా ఫ్యాక్టరీ గేటు తెరిచేదాకా ఈ గోడ నీడన నిలబడతాం" అంది. మనుషులని లెక్కపెట్టడం తేలిక. ఎందుకు నిలబడ్డారో వాళ్ల నోటితో వింటేనే తెలుస్తుంది.

నీకిప్పుడు లెక్కపెట్టడానికి కూడా జనం లేరు, నాకు తెలుసు. దిగులుపడకు. వస్తారు. ఎందుకో నాకా నమ్మకం ఉంది.

బాబాయి


ఏప్రిల్ 9

బాబాయికి,

నీ నోటి మాట ఊరికే పోలేదు. వచ్చారు.

సంఖ్య చెప్పను. చెబితే అక్కడే ఆగిపోతుందేమోనని భయం. మార్చి ఆఖరు వారంలో మొదలైంది. రోజుకి మూడు నాలుగు ఫోన్లు చేరాయి, రెండు వారాలు వరసగా. ఎవరో ఎవరికో చెప్పి ఉండాలి. నేను ఎక్కడా ప్రకటన ఇవ్వలేదు.

వింత ఏమిటంటే వీళ్లు గుంపుగా నొక్కుతారు. తెల్లవారగానే ఒక దఫా, మధ్యాహ్నం ఒక దఫా, రాత్రి ఒక దఫా. ప్రతిసారీ పది పదిహేను మంది, అయిదారు నిమిషాల్లో. రెండు రోజులు ఆ నొక్కిన వేళల గీతలనే చూస్తూ కూర్చున్నాను. మూడు షిఫ్టులు, ఆగకుండా, ఆదివారం కూడా. నాకు తట్టింది: నర్సులు. ఏదో పెద్ద ఆస్పత్రి. షిఫ్టు దిగగానే ఇంటికి కబురు పెడుతున్నారు.

బాబాయ్, నేను చేసిన వస్తువు ఎవరో తెలియని మనిషి జేబులో ఉంది. రోజంతా నిలబడి పనిచేసి, చేతులు కడుక్కుని, దాన్ని తీసి నొక్కుతోంది. ఇన్నాళ్ల ఉద్యోగంలో నాకిది దొరకలేదు.

మీ తూనీగ (ఈసారి పిన్నికి కూడా)


ఏప్రిల్ 20

తూనీగా,

నీ ఉత్తరం డిపోలోనే విప్పాను. చదివి ఇంటికొచ్చేదాకా ఆగలేక మీ పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. నర్సులంటే మాటలా. చేతిలో వస్తువు నమ్మకంగా లేకపోతే ఊరుకోరు వాళ్లు. ఆస్పత్రి వాళ్లూ మాలాగే మూడు షిఫ్టులన్నమాట.

వంద అయ్యేదాకా సంఖ్య చెప్పొద్దులే, నేనూ అడగను. ఇక్కడ నా చేతనైనది నేనూ చేస్తూనే ఉన్నాను. అదెంతలే, సముద్రంలో చెంబుడు నీళ్లు.

డిపో గోడలకి సున్నం వేస్తున్నారు. నా కిటికీ అద్దం మీద కూడా వేసి పోయారు. గోరుతో గీకి ఒక కన్ను పట్టేంత తెరుచుకున్నాను. ప్రస్తుతం అందులోంచే బస్సులు చూస్తున్నాను.

బాబాయి

(పిన్ని. ఈయన ఫోన్‌కి ఏదో పట్టింది. రోజంతా టింగు టింగుమంటుంది. ఏమిటంటే ఆఫీసు పని అంటారు. టైమ్ కీపర్‌కి ఫోన్‌లో ఏం పనే? నీకేమైనా తెలిస్తే రాయి.)


మే 18

బాబాయికి,

పిన్ని ఫోన్ సంగతి రాసింది. బహుశా ఏదో గ్రూపులో చేర్చి ఉంటారు. శబ్దం ఆపేయమను.

ఐదు వారాలు నర్సుల కోసమే పనిచేశాను. చేతి తొడుగులతో నొక్కినా పడేలా బటన్ పెద్దది చేశాను. వార్డులో చప్పుడు ఉండకూడదు కనక నొక్కినప్పుడు వచ్చే టక్కుమనే శబ్దం తీసేశాను. కబురు కూడా మార్చాను. ఇప్పుడు "షిఫ్టు అయింది, వార్డు నుంచి బయల్దేరాను" అని వెళ్తుంది. రంగు తెలుపు. సోమవారం అందరి ఫోన్లకీ పంపాను.

ఒకరోజు ఇక్కడి ఆస్పత్రి గేటు దాకా వెళ్లాను, ఎవరినైనా అడుగుదామని. గంటసేపు నిలబడ్డాను. వాళ్లు బయటికొస్తుంటే ముఖాలు చూసి అలిసిపోయి ఉన్నారనిపించింది. ఆపి అడగడానికి నోరు రాలేదు. వచ్చేశాను.

అసలు సంగతి. నిన్న లీడ్ అడిగాడు, ఇంకో మనిషి ఆ కుర్చీ కోసం ఎదురుచూస్తున్నారు, ఏం చేయమంటావని. జూలై దాకా ఆగక్కర్లేదు, ఇచ్చేయండి అన్నాను. వందకి ఇంకా దూరమే. కానీ ఎవరి కోసం చేస్తున్నానో తెలిసింది కదా.

మాట అనేశాక చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకి వస్తుందో రెండుసార్లు లెక్కేశాను. అది నీకే చెబుతున్నాను, నాన్నకి చెప్పకు.

తూనీగ


మే 29

తూనీగా,

కుర్చీ వదిలేశావని చదివి కాసేపు కళ్లజోడు తీసి పెట్టాను. నర్సులున్నారు కదా అనుకుని మళ్లీ పెట్టుకున్నాను. నీ పని నీకు తెలుసు. మీ నాన్నకి చెప్పలేదు.

ఒక చిన్న మాట. మా దగ్గర ఒకరి ఫోన్‌లో నీ కొత్త యాప్ చూశాను. ఆయన డ్రైవరు, ఇంత మీసం. "నేను ఏ వార్డు నుంచి బయల్దేరాను సారూ, నాకేమైంది?" అని అడిగాడు. టక్కుమనే చప్పుడు లేకపోయేసరికి పడిందో లేదో తెలియక నాలుగుసార్లు నొక్కుతున్నాడు. నర్సులకి కొత్తది ఉంచి, మామూలు మనుషులకి పాతదే ఇవ్వడానికి కుదరదా? తెలియక అడుగుతున్నాను.

ఇంకో మాట కూడా. నువ్వు రాక ఏడాదిన్నర అయింది. నీ గది నుంచి బస్సు ఎక్కితే మూడు గంటలు.

బాబాయి


జూన్ 14

బాబాయికి,

తొందరలో రాస్తున్నాను, చేతిరాత చూడకు. మంగళవారం ఏదో విరిగింది. రోజుకి యాభైకి పైగా పడే నొక్కుళ్లు ఆరోజు తొమ్మిది. మూడు దఫాల్లో ఒక్కటీ లేదు, మొత్తానికే లేదు. కొత్త యాప్‌లో తప్పు చేశాననుకున్నాను. మూడు రోజులు కోడ్‌లో ప్రతి వరస మళ్లీ చదివాను. ఆరు ఫోన్లలోనూ యాప్ తీసి మళ్లీ వేశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. బుధవారం మళ్లీ మామూలుగా పడ్డాయి, నేనేమీ బాగుచేయకుండానే. అది ఇంకా భయం. కారణం తెలియకుండా బాగైంది, కారణం తెలియకుండా మళ్లీ పోతుంది.

ఆ ఒక్కరోజు నర్సులందరూ ఏమయ్యారు? ఆస్పత్రికి సెలవుండదు కదా.

తూనీగ


జూన్ 14

తూనీగా,

నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు, ఒంట్లో బాగానే ఉందా? ఇక్కడ విశేషం ఒకటే. మంగళవారం, డిపో దాటగానే వచ్చే పాత వంతెన గట్టిగా ఉందో లేదో పరీక్ష చేశారు. అటూ ఇటూ దారి మూసేశారు. డిపోలో ఒక్క బస్సు కదల్లేదు, అందరికీ సెలవు. నేను బస్సుల రాకపోకల పుస్తకం తెరిచి తారీఖు వేసి, కింద ఏమీ రాయకుండా మూసేశాను. ఇరవై రెండేళ్లలో ఖాళీ పేజీ అదొక్కటే. మీ పిన్ని ఆరోజు నాతో అటక దులిపించింది. ఆమెకి మాత్రం సెలవు మంచిదే.

బాబాయి


జూన్ 19

బాబాయ్,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టి, పక్కన నా గీతలు పెట్టాను. మంగళవారం, మంగళవారం. తరవాత నీ ఉత్తరం వెనక్కి తిప్పాను. ఫిబ్రవరి నుంచి నువ్వు రాసినవి ఐదు ఉత్తరాలు. ఒక్కదాన్నీ ఇన్నాళ్లూ తిప్పి చూడలేదు.

అచ్చులో గళ్లున్నాయి. బయల్దేరిన సమయం. అటు చివర చేరిన సమయం. డిపోకి తిరిగొచ్చిన సమయం. సంతకం పెట్టి దిగిన సమయం. ఆ చివరి గడిలో ఏడు పది, పదిహేను పది, ఇరవై మూడు పది. నా మూడు దఫాలు అవే.

ఎంతమంది?

పాత బటన్, పాత కబురు, టక్కుమనే చప్పుడు ఈరోజే తిరిగి పెట్టేశాను. నువ్వు కూడా రేపటినుంచి ఎవరినీ నొక్కమనకు. ఎవరినీ.

తూనీగ


జూన్ 27

తూనీగా,

నలభై నాలుగు మంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మార్చిలో నీ ఉత్తరం చదివాక నేనే ఒక కాగితం రాసి తాళాల బోర్డు పక్కన అంటించాను. తాళం అప్పగించాక బటన్ నొక్కవలెను అని. యాప్ వేయడం రానివాళ్లకి నేనే వేసిచ్చాను. నంబరు అడిగితే ఒక్కొక్కరిది కనుక్కుని పెట్టే ఓపిక లేక అందరికీ నాదే పెట్టాను. మీ పిన్ని విన్న చప్పుడు అదే. చుట్టాలు లెక్కలోకి రారని నువ్వన్నావు. వీళ్లెవరూ నీకు చుట్టాలు కారు, ముక్కూ మొహం తెలియదు. రూలు తప్పలేదనే అనుకున్నాను.

నీ నర్సులు వీళ్లేనని నాకు తట్టలేదు. నమ్ము. నర్సులు వేరే ఉన్నారని, నా వాళ్లు పైన కొసరనీ అనుకున్నాను. నువ్వు ఒక్కసారి సంఖ్య చెప్పి ఉంటే తీసివేత నాకు వచ్చు. నేను అడిగి ఉన్నా సరిపోయేది. గోడ నీడ కథ నీకు చెప్పినవాణ్ని నేనే. ఆ నలభై మందిని తెచ్చి నీ స్టాపులో నిలబెట్టినవాణ్నీ నేనే.

బస్సు స్టార్టు కాకపోతే నలుగురం దిగి తోస్తాం. అందులో తప్పు లేదు. కానీ తోస్తున్నామని డ్రైవరుకి చెప్పి తోస్తాం. లేకపోతే ఇంజన్ అందుకుందనుకుని రోడ్డెక్కేస్తాడు. నీకు చెప్పకుండా తోశాను. నువ్వు రోడ్డెక్కావు, కుర్చీ వదిలేశావు.

కాగితం ఇరవై మూడున చించేశాను. ఇక నొక్కక్కర్లేదని అందరికీ చెప్పాను. నాలుగు రోజులైంది, నా ఫోన్‌కి ఒక్క కబురు రాలేదు. అంటే అందరూ మానేశారు. మీ లీడ్ దగ్గరికి వెళ్లి అడుగు, ఇంకా ఆ కుర్చీ ఖాళీగా ఉందేమో. సిగ్గుపడకు. తప్పు నాదని చెప్పు, కావాలంటే నేనే వచ్చి చెబుతాను.

మీ పిన్ని రెండు రోజులుగా నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది.

బాబాయి


జూలై 6

బాబాయికి,

మొదట కోపం సంగతి. వచ్చింది, నిజమే. రెండు రోజులు ఉంది. మూడోరోజు ఒకటి గుర్తొచ్చింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఐదు వారాలు వార్డుల వెంట తిరిగింది నేను. ఆస్పత్రి గేటు దగ్గర ఒక్క మనిషిని అడిగి ఉంటే ఆ సాయంత్రమే తెలిసేది. నువ్వు తోశావు. పక్క అద్దంలో చూసుకోనిది నేను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నువ్వు కాగితం చించిన రోజున నొక్కుళ్లు పదకొండు. మర్నాడూ పదకొండు. అవి మొదటినుంచీ ఉన్న తెలియనివాళ్లవి. మూడోరోజు పంతొమ్మిది. వారానికి ఇరవై ఎనిమిది. నిన్న ముప్పై ఆరు. కొత్త ఫోన్లు ఒక్కటీ చేరలేదు. అంటే ఉన్నవాళ్లే, నీ వాళ్లే. పాతిక మంది నువ్వు చెప్పకుండా నొక్కుతున్నారు.

నీ ఫోన్ ఎందుకు మోగడం లేదంటే, నంబరు మార్చుకున్నారు.

పైగా దఫాలు లేవు. ఏడు పదికి ఎవరూ నొక్కడం లేదు. తొమ్మిది ఇరవై ఐదుకి ఒకటి. పదకొండు ఇరవైకి ఒకటి. ఒంటిగంట అయిదుకి రెండు. నాలుగు నలభై ఐదుకి ఒకటి. మళ్లీ నీ ఉత్తరం తిప్పాను. చివరి గడి కాదు ఈసారి, రెండో గడి. అటు చివర చేరిన సమయం. సంతకం పెట్టాక కాదు, బస్సు అటు చివర ఆగాక నొక్కుతున్నారు. పదకొండు ఇరవై గడిలో ఉన్న స్టాండు నా గదికి పదిహేను నిమిషాల నడక, బాబాయ్. ఏ మనిషి ఏ నంబరు పెట్టుకున్నాడో నాకు తెలియదు, నువ్వూ చెప్పకు. ఎందుకు మార్చుకున్నారో మాత్రం తెలుసుకోవాలనుంది.

లీడ్‌ని కలిశాను. కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేశాడు. వారానికి మూడు రోజుల పని ఉంది, చేస్తావా అన్నాడు. ఆగస్టు నుంచి చేస్తానన్నాను. మిగతా రోజులు "చేరాను"వి. వంద అన్న గీత చెరిపేశాను. కొత్త రూలు ఒకటే: నెలకి ఐదుగురితో ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, నోరు రాకపోయినా. మొదటి ఐదుగురూ మీ డిపో విశ్రాంతి గదిలో ఉన్నారు. వచ్చే ఆదివారం తరవాతి ఆదివారం వస్తాను.

పిన్నికి చెప్పు, నీతో మామూలుగా మాట్లాడమన్నానని.

నీ తూనీగ


జూలై 13

తూనీగా,

నీ ఉత్తరం చదివి విశ్రాంతి గదికి వెళ్లాను. ఈసారి దిగి అడగడం నా వంతు కదా.

మీసాలాయనే మొదట మార్చాడు. కాగితం చించిన మర్నాడు ఇంటికెళ్లి కూతురి చేత వాళ్లమ్మ నంబరు పెట్టించుకున్నాడు. ఆ పైరోజు మిగతావాళ్లకి చూపించాడు. ఎందుకయ్యా అన్నాను. "సారూ, మూడు నెలలు నేను చేరానని మీకు చెప్పాను. అప్పుడు నేను మీ ముందే నిలబడి ఉన్నాను కదా. మీకెందుకు ఆ కబురు? ఇంట్లో మనిషి ఆ వంతెన తలుచుకుని పదకొండున్నర దాకా పొయ్యి దగ్గర ఉత్తినే నిలబడుతుంది" అన్నాడు. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటే, "మీరు అంటించిన కాగితం కదా, గౌరవం కొద్దీ నొక్కాం" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

నీ గీతల్లో సాయంత్రం ఆరు నలభైకి ఒకటి పడుతూ ఉంటుంది. దాని కోసం షీటు తిప్పకు, అందులో ఉండదు. అది నేను. గుమ్మంలో నొక్కడం మానేసి, డిపో గేటు దాటగానే నొక్కుతున్నాను. మీ పిన్ని టీ పెట్టే వేళ దానితో సరిపోతోందట. పొడిపొడి మాటలు అయిపోయాయి.

ఆదివారం పదకొండుంబావుకల్లా స్టాండులో నిలబడు. ఇక్కడ ఎనిమిదింబావుకి మీసాలాయన తీసుకెళ్లే బస్సు పదకొండు ఇరవైకి వస్తుంది. నువ్వెవరో ఆయనకి చెప్పకు. హ్యాండ్‌బ్రేకు వేసిన చప్పుడు వినపడ్డాక, ఇంజన్ ఆపేముందు, ఆయన కుడిచేయి చూడు. తరవాత అదే బస్సు ఎక్కు. పన్నెండుకి తిరుగు ప్రయాణం, మూడు అయిదుకి ఇక్కడ.

ఫిబ్రవరిలో ఒక సంగతి అడిగాను, జవాబు పరీక్షల మీదకి తోసేశావు. ఆ పగిలిన అద్దం ఫోన్ తెచ్చుకో. అందులో నా నంబరు పెట్టుకో. మూడు అయిదుకి నేను గేటు దగ్గరే ఉంటాను, నువ్వు మెట్లు దిగడం కళ్లారా చూస్తాను. అయినా ఒకసారి నొక్కు.

బాబాయి